ఎనభై ఏడో వంతు అరకు

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్‌లో అరకు దాకా ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లుంటే మీకు తెలిసే ఉంటుంది. బొడ్డవర దాటి శివలింగపురం వచ్చేసరికి కొండలు దగ్గరికొస్తాయి. మొదటి సొరంగంలోకి బండి దూరగానే బోగీ మొత్తం ‘ఓ...’ అని అరుస్తుంది. కాలేజీ బ్యాచ్ మొదలుపెడుతుంది, పిల్లలు అందుకుంటారు, మూడో సొరంగానికల్లా నాన్నలు కూడా కలుస్తారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైన్లో 58 సొరంగాలున్నాయి. అన్నీ అరకులోపు రావు గానీ, చెవులు చిల్లులు పడటానికి సరిపడా వస్తాయి.

నాకు ఆ అరుపులంటే మహా చిరాకు. అందరూ చూడ్డానికి వెళ్తే నేను వినడానికి వెళ్తాను. సొరంగంలో చక్రాల చప్పుడు ఎలా మారుతుంది, మలుపులో పట్టా ఎలా కీచుమంటుంది, ఎక్కుడులో ఇంజిన్ గొంతు ఎక్కడ బరువెక్కుతుంది... ఇవన్నీ నాకు కావాలి. ఎందుకంటే నేను రైలు మోడల్స్ చేస్తాను. పగలు ఆఫీసులో కోడ్ రాస్తాను, రాత్రి ఇంట్లో పట్టాలు వేస్తాను. హైదరాబాద్‌లోని అద్దె ఫ్లాట్లో, గోడకు ఆనించిన చెక్క మీద, ఈ అరకు లైన్లో ఒక ముక్కని కట్టడం నా పని.

ముందు లెక్క చూద్దాం

ప్రపంచంలో ఎక్కువమంది వాడే మోడల్ సైజు హెచ్‌ఓ. అంటే అసలు దానిలో 87వ వంతు. మన పాత నీలం ఐసీఎఫ్ బోగీ పొడవు 21 మీటర్ల పైచిలుకు, మోడల్లో అది 24.5 సెంటీమీటర్లు. చేతిలో పట్టుకోవచ్చు. ‘బాగానే ఉందే, ఇంట్లో పట్టేస్తుంది’ అనిపిస్తుంది కదా? ఆగండి.

విశాఖ నుంచి అరకు రైలు దారి సుమారు 130 కిలోమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే కిలోమీటరున్నర వస్తుంది. షిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిట్లో ఎత్తైనది ఇదే. మోడల్లో ఆ ఎత్తు పదకొండున్నర మీటర్లు. అంటే మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో విశాఖ పెడితే, షిమిలిగుడ టెర్రస్ మీద వాటర్ ట్యాంక్ పక్కన ఉండాలి. అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు.

పోనీ ఒక్క స్టేషన్ కడదామా? రెండు బళ్లు ఒకదాన్నొకటి దాటడానికి స్టేషన్లో వేసే లూప్ లైన్‌కి మన రైల్వే ప్రామాణిక పొడవు 686 మీటర్లు. హెచ్‌ఓలో దాదాపు 8 మీటర్లు. నా హాలు గోడ మొత్తం కలిపినా 3.6 మీటర్లు. 58 వ్యాగన్ల మామూలు గూడ్స్ రేక్ ఒక్కటే 7 మీటర్లు దాటుతుంది. ఇంజిన్ వంటింట్లో ఉంటే గార్డు బాల్కనీలో ఉంటాడు.

అందుకే మోడల్ అంటే అసలుదాన్ని చిన్నది చేయడం అనుకుంటే పొరపాటు. ఏది వదిలేయాలో తేల్చుకోవడమే అసలు పని. నా చెక్క మీద పైకి కనిపించేది 2.4 మీటర్లు. అందులో ఒక్కటే స్టేషన్, ఘాట్లో త్యాడకీ బొర్రా గుహలకీ మధ్యనున్న చిమిడిపల్లి. టూరిస్టులు దిగరు, సెల్ఫీ పాయింట్ లేదు. చిన్న స్టేషన్, చుట్టూ కొండ, చెట్లు. అరకు కడితే అందరూ గుర్తుపడతారు, నిజమే. కానీ కొండ దారి సంగతంతా చిమిడిపల్లిలోనే ఉంది. అది తర్వాత చెప్తాను.

2.76 మిల్లీమీటర్ల బాధ

మోడల్ రైలు వాళ్లతో మాట్లాడితే పది నిమిషాల్లో గేజ్ గొడవ వస్తుంది. రెండు పట్టాల మధ్య దూరం మన బ్రాడ్‌గేజ్‌లో 1676 మిల్లీమీటర్లు, యూరప్, అమెరికాల్లో 1435. హెచ్‌ఓ పట్టాలు వాళ్ల కొలతకు తయారైనవే కాబట్టి వాటి మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బండి నిజాయతీగా నడవాలంటే 19.26 ఉండాలి. తేడా 2.76 మిల్లీమీటర్లు. ఇంచుమించు రెండు రూపాయి బిళ్లల మందం.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అంటారా? ఎదురుగా నిలబడి చూడండి. మన బండికి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే ఒక ధీమా ఉంటుంది. ఇరుకు పట్టాల మీద పెడితే ఎవరిదో ప్యాంటు వేసుకున్నట్టుంటుంది. పట్టాలూ చక్రాలూ అన్నీ సొంతంగా చేసుకుంటే సరైన కొలత వస్తుంది. చాలామందిమి 16.5తోనే సర్దుకుంటాం. నేనూ అంతే. పక్కనుంచి చూస్తే తెలియదు, కాబట్టి నా చెక్కని పక్కనుంచి మాత్రమే చూసేలా కట్టాను.

మలుపులది ఇంకో కథ. మన బ్రాడ్‌గేజ్‌లో ఎంత గట్టి మలుపైనా వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు. మోడల్లో అది 2 మీటర్లు. అంటే ఒక్క గుండ్రం తిరగాలంటే 4 మీటర్ల గది కావాలి. బొమ్మల పెట్టెలో వచ్చే పట్టాల వ్యాసార్ధం 36, 37 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ మలుపులో బోగీ మూలలు బయటికి పొడుచుకొస్తాయి. నా గది మూలల్లో 55 సెంటీమీటర్ల మలుపులే పట్టాయి. వాటిని సొరంగాల్లో దాచేశాను. కేకే లైన్లో సొరంగాలు కొండను దాటడానికి. మా ఇంట్లో సిగ్గు దాచుకోవడానికి.

అసలు నా కోపం వేరే ఉంది. మన దేశంలో ఈ హాబీ ఉన్నవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఆల్ప్స్. మంచు కొండ, ఎర్ర పెంకుల ఇల్లు, పచ్చిక మీద ఆవు. కారణం సింపుల్, షాపులో దొరికేది అదే. జర్మనీలో హాంబర్గ్ నగరంలో 2001 నుంచి నడుస్తున్న మినియేచర్ వండర్‌లాండ్ కూడా ఇదే 87వ వంతు ప్రపంచం. అక్కడివాళ్లు తమ హాంబర్గ్‌ని తామే కట్టుకున్నారు. పుణెలో కోత్రూడ్‌లో 1998లో మొదలైన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాను. లైట్లార్పి ఊరికి రాత్రి చేసినప్పుడు పిల్లలతోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. కానీ అది ఊహలోని ఊరు. పసుపు బోర్డు మీద నల్లక్షరాలతో తెలుగులో పేరున్న స్టేషన్ కావాలంటే, మనమే కూర్చుని కట్టుకోవాలి.

మురికి ఉండాలి, మురికి ఉండకూడదు

ఈ లైను 1960ల్లో వేసింది మన వీకెండ్ ట్రిప్పుల కోసం కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ పంపడానికి. అద్దాల పైకప్పు విస్టాడోమ్ బోగీ వచ్చింది 2017లో. అంతకుముందూ ఆ తర్వాతా ఈ లైను గూడ్స్ బళ్లదే. 1980ల చివర్లో స్వీడన్ నుంచి, జపాన్ నుంచి ప్రత్యేకంగా ఇంజిన్లు తెప్పించి నడిపింది కూడా ఆ ఖనిజం కోసమే.

కాబట్టి ఇక్కడ పట్టాల పక్కన కంకర బూడిద రంగులో ఉండదు. తుప్పు, మట్టి, ఖనిజం ధూళి కలిసిన గోధుమ ఎరుపు. వ్యాగన్ల మీదా అదే. తళతళలాడే కొత్త మోడల్‌కి ఈ మురికి పట్టించడాన్ని మా భాషలో వెదరింగ్ అంటారు. నేను నెలంతా చూసి చూసి కొన్న వ్యాగన్‌కి బ్రష్‌తో మట్టిరంగు పూస్తుంటే మా రూమ్మేట్ ‘డబ్బులు పెట్టి కొని బురద పూస్తావేంట్రా?’ అన్నాడు. వాడిన టీ పొడి ఎండబెట్టి, జల్లించి, ఫెవికాల్ నీళ్లతో అంటించి నేల చేస్తున్న రోజున వాడు ఏమీ అనలేదు. టీ డబ్బా మాత్రం తన గదిలో పెట్టుకున్నాడు.

ఇందులో తమాషా ఏంటంటే, బండికి కావాల్సిన మురికి పట్టాలకి పనికిరాదు. ఇంజిన్‌కి కరెంటు పట్టాల్లోంచి చక్రాల ద్వారా అందుతుంది, 12 వోల్టులు. పట్టా మీద సన్నని దుమ్ము పొర చేరితే చాలు, బండి ఠక్కున ఆగిపోతుంది. మా పక్కన రెండు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. కిటికీ తీస్తే సిమెంటు, మూస్తే ఉక్క. దుమ్ముతో ఆగిన రైలు గురించి ఎవరికి కంప్లయింట్ ఇవ్వాలి? గుడ్డకు స్పిరిట్ అద్ది, ట్రాక్‌మన్ లాగా ఈ కొస నుంచి ఆ కొసకి తుడుచుకుంటూ వెళ్లడమే.

ఇంటికొచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు మూడు. ఎంతైంది? చిన్నపిల్లలు ఆడుకోవచ్చా? ఇంతేనా స్పీడ్? మూడోదానికి మాత్రం ఓపిగ్గా జవాబు చెప్తాను. ఘాట్లో గంటకు 40 కిలోమీటర్ల వేగం అనుకుంటే, మోడల్లో అది సెకనుకు 13 సెంటీమీటర్లు. నా 2.4 మీటర్లు దాటడానికి 19 సెకన్లు పట్టాలి. బొమ్మ రైలు రెండు సెకన్లలో దూసుకుపోతుంది. రెండూ ఒకటి కాదు.

క్రాసింగ్

ఇప్పుడు చిమిడిపల్లి సంగతి. ఘాట్లో చాలాకాలంగా ఉన్నది ఒకటే లైను. ఎదురుగా ఖనిజంతో గూడ్స్ వస్తుంటే, ప్యాసింజర్ ఇలాంటి చిన్న స్టేషన్లో లూప్ లైన్లోకి తప్పుకుని ఆగాలి. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పది నిమిషాలకి జనం చిరాకు పడతారు. ‘ఏంటి బాబూ, ఆపేశాడు?’ అని ఒక పెద్దాయన కిటికీలోంచి తొంగి చూస్తారు. ఎవరో ‘సిగ్నల్ పడలేదండీ, క్రాసింగ్’ అంటారు. కొందరు దిగి ఒళ్లు విరుచుకుంటారు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయల ఆవిడ బోగీ బోగీకీ తిరుగుతుంది. ఫోన్లో సిగ్నల్ ఉండదు కాబట్టి స్పీకర్లో రీల్స్ మోగవు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు అప్పుడే ‘ఎందాకా?’ అని మాట కలుపుతారు. తర్వాత కొండ కదులుతున్నట్టు ఒక చప్పుడు. ఇంజిన్లు, వెనక వ్యాగన్లు, వ్యాగన్లు, వ్యాగన్లు. కిటికీ అంచు సన్నగా వణుకుతుంది. ఈ లైను ఎవరిదో అప్పుడు తెలుస్తుంది.

ఈ ఆగడం ఇక ఎన్నాళ్లో ఉండదు. కొత్తవలస, కోరాపుట్ మధ్య రెండో లైను పనులు నడుస్తున్నాయి. కిటికీలోంచి చూస్తే కొత్త కట్టలు, కొత్త వంతెనల స్తంభాలు, పాత సొరంగం పక్కన కొత్త తవ్వకాలు కనిపిస్తాయి. మంచిదే. కొండ ఊళ్లవాళ్లు ఆసుపత్రికో సంతకో వెళ్లే బండి గంటలకొద్దీ ఎందుకు పడిగాపులు కాయాలి? నేను టూరిస్టుని, నాకు ఆ ఆలస్యం అందంగా కనిపిస్తుంది. రోజూ వెళ్లేవాళ్లకి అది పోయిన పూట. ఆ తేడా మర్చిపోయి ‘అయ్యో, పాత రోజులు’ అంటే బాగుండదు.

కానీ పోయేదేదో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఫొటోలో బండి ఉంటుంది, వీడియోలో చప్పుడు ఉంటుంది. ఎదురుచూడ్డం మాత్రం రెండింట్లోనూ దొరకదు, ఎందుకంటే చిరాకొస్తే వేలితో పైకి తోసేస్తాం. మోడల్లో అయితే పెట్టొచ్చు.

అందుకే ఒక చిన్న ఆర్డునో బోర్డుకి కోడ్ రాశాను. నాలుగు బోగీల ప్యాసింజర్ సొరంగంలోంచి వస్తుంది, చిమిడిపల్లి లూప్‌లో ఆగుతుంది. ఎర్ర లైటు. ఏమీ జరగదు. సరిగ్గా 7 నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత అటువైపు సొరంగంలోంచి తొమ్మిది మురికి వ్యాగన్ల గూడ్స్ 13 సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. అది పూర్తిగా దాటాకే ప్యాసింజర్‌కి పచ్చలైటు.

మొన్న ఆదివారం మా మేనమామ వచ్చారు. రైలు ఆగగానే రెండు నిమిషాలు చూశారు. వంగి సొరంగంలోకి చూశారు. ‘ఏరా, చెడిపోయిందా?’

‘లేదు మావయ్యా, క్రాసింగ్.’

‘ఓహో’ అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇంకా ఐదు నిమిషాలుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో జగదల్‌పూర్ వెళ్తూ ఇదే లైన్లో ఒక రాత్రంతా ఎలా ఆగిపోయారో చెప్పడం మొదలుపెట్టారు. నాకు ఎప్పుడూ చెప్పని కథ అది. గూడ్స్ వచ్చి వెళ్లిపోయింది, పచ్చలైటు పడింది, ప్యాసింజర్ కదిలింది. ఆయన ఇంకా సగంలోనే ఉన్నారు. లేచి స్విచ్ ఆపేశాను.