ఆటపాకలో ఒక ఉదయము

మా ఊరు అత్తిలి. మా ఇంటి వెనుక కాలువ, కాలువకు ఆవల వరిచేలు. చిన్ననాడు చేలలో వ్రాలిన కొంగలను చప్పట్లు చరచి లేపుట మాకొక ఆట. అవి ఎచ్చట నుండి వచ్చునో, ఎచ్చట పిల్లలను పెంచునో ఏనాడును విచారింపలేదు.

గత పుష్యమాసమున ఒక ఆదివారము ఆటపాక పక్షుల కేంద్రమును చూడ బయలుదేరితిని. భీమవరములో రైలు మారితిని. ఆకివీడులో మా మేనమామ వచ్చి నాతో కలిసెను. అచ్చటి నుండి కైకలూరు వరకు ఇరువైపుల చేపల చెరువులే. మామయ్య వానిని చూచుచు మౌనముగా కూర్చుండెను.

ఆ మౌనమునకు కారణము నేనెరుగుదును. ఒకప్పుడు ఆయన నలుగురితో కలిసి కొల్లేటి గర్భమున చేపల చెరువు త్రవ్వించెను. అత్తయ్య నగలు తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము అందులో కలదు. 2006లో ప్రభుత్వము సరస్సులోని చెరువుగట్లను తెగగొట్టించినపుడు ఆ గట్టును పోయెను. "పక్షుల కొరకు మా నోరు కొట్టిరి" అని ఆయన నాటినుండి అనుచునే యుండెను. ఆనాడు నా బలవంతము మీదనే వచ్చెను.

మొదట అచ్చటి విజ్ఞాన కేంద్రములో ప్రవేశించితిమి. పక్షుల బొమ్మలను, చిత్రములను చూపుచు ఒక యువకుడు మాకు కొల్లేటి కథ చెప్పెను. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు వరదను అది తనలో నిలుపుకొని, ఉప్పుటేరు గుండ సముద్రమునకు మెల్లగా వదలును. నీటి దారిలో గట్లు లేచినచో వరద వెనుకకు తన్ని ఊళ్లపై బడును. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల రామ్‌సార్ పట్టికలో దానికి చోటు లభించెను.

మామయ్య పటము దగ్గరకు పోయి, వ్రేలితో వెదకి, ఒకచోట ఆపెను. "మా చెరువు ఇచ్చటనే" అనెను. కొంతసేపటికి, "వరద వచ్చిన ఏడు మా వీథిలో మోకాలిలోతు నీరు నిలిచినది. ఎవరి గట్టు వలన నిలిచినదో ఆనాడు మేమెవ్వరము అడుగలేదు" అని మెల్లగా పలికెను.

పిమ్మట పడవ ఎక్కితిమి. నీటిలో ఇనుప మంచెలు నిలిపియున్నవి. గూళ్లకు తగిన చెట్లు చాలనందున మనుష్యులే వానిని కట్టిరి. వానిపై గూడబాతులు గుంపులుగా నుండెను. వీనినే పెలికన్లందురు. ముక్కు క్రింద సంచి వేలాడుచుండును. పిల్ల తన తలను తల్లి నోటిలో దూర్చి ఆహారము తినుచుండెను.

1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున సుమారు 3000 గూడబాతుల గూళ్లను కనుగొనెను. 1975 నాటికి ఆ పక్షినగరము మాయమైనది. ఎన్నో ఏండ్లకు ఆటపాకలో అవి మరల గూళ్లు కట్టుట నిజముగా మన భాగ్యము.

"ఇది రోజుకు ఎన్ని చేపలు తినునో!" అని మామయ్య నవ్వెను. చాలకాలమునకు ఆయన నవ్వుట చూచితిని. మరల గంభీరుడై, "మీ అత్తయ్య నగలు తిరిగి రావు. ఆ మాట నేను మరువను. అయినను, దీనికి పోవుటకు వేరొక చోటు లేదు కదా!" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆయన నష్టము నిజము. ఆ పిల్ల ఆకలియు నిజమే.

సాయంకాలము అత్తిలి చేరితిని. చేలలో కొంగలు తిరుగుచుండెను. మా అన్న కుమారుడు చప్పట్లకు చేతులెత్తెను. నేను వాని చేయి పట్టుకొని, "ఉండు, అవి ఎటు పోవునో చూతము" అంటిని. ఇరువురము కాలువగట్టుపై నిలిచితిమి. ప్రొద్దు గ్రుంకువేళ అవి తమంత తామే లేచి, ఒక్కొక్కటిగా ఎగిరిపోయెను.