ఊరి పేరులో ట, త

డర్బన్‌లో పుట్టిపెరిగిన ఓ తెలుగు మిత్రుడు తన ముత్తాత ఊరు ఎక్కడుందో చూసిపెట్టమన్నాడు. ఆధారం ఒక్కటే, 1890ల నాటి ఓడ రిజిస్టరు నకలు. నెల్లూరు జిల్లా, ఒంగోలు తాలూకా, ఊరు "కొట్టపోలియం".

ఇవాళ్టి నెల్లూరు మ్యాపులో ఎంత గాలించినా దొరకదు. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాకి, 1970లో ప్రకాశం జిల్లాకి పోయింది మరి. 1860 నుంచి 1911 దాకా నేటాల్‌కి కూలీలుగా వెళ్ళినవాళ్ళు నోటితో చెప్పిన ఊళ్ళని గుమాస్తాలు చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు.

మన బుర్ర వెంటనే సౌండెక్స్ అంటుంది. అది ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది, ట-త తేడా దానికి తెలీదు. పైకి చదివితే మాత్రం మా నెల్లూరోళ్ళు ఎవరైనా చెప్తారు, అది కొత్తపాలెమని!

అసలు చిక్కు ఆ తర్వాతే. మన తీరంలో కొత్తపాలెం ఒకటా, రెండా? పట్టపుపాలేలదీ అదే కథ. అందుకే తాలూకా, తండ్రి పేరు, కులం, ఓడెక్కిన ఏడు అన్నీ కలిపి చూడాలి. ఆ వివరాలు రిజిస్టర్లలోనే ఉంటాయి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు చుట్టుపక్కల పల్లెల్ని పెద్దవాళ్ళు ఏమని పిలిచేవారో అడిగి, తెలుగు లిపిలోనే రాసిపెట్టండి. అక్కడెక్కడో ఒక కుటుంబానికి మిగిలింది ఆ ఒక్క మాటే.