పాత పాట, క్రొత్త గొంతు

పాట ఎవరి సొత్తు? కట్టినవానిదా, పాడినవానిదా, లేక ఏండ్ల తరబడి విని దానిని తన బ్రతుకులో కలుపుకొన్నవానిదా? ప్రశ్న పాతదే. కాని 2023 మార్చి 17వ తేదీన ఐర్లండు దేశపు ‘యూ2’ అను రాక్ వాద్యబృందము తన పూర్వపు పాటలలో నలుబదింటిని తిరిగి పాడి, ‘సాంగ్స్ ఆఫ్ సరెండర్’ అను పేర వెలువరించినప్పుడు అది మరల పదునెక్కినది.

ఈ బృందము 1976లో డబ్లిన్ నగరమున పుట్టినది. అప్పటికి అందరును బడిపిల్లలే. 1980లో వారి మొదటి ఆల్బము వచ్చునాటికి గాయకుడు బోనోకు ఇరువదేండ్లు. ఈ నలుబది పాటలు వెలువడునాటికి అరువది దాటినవి. మహమ్మారి భయమున లోకము తలుపులు మూసికొన్న దినములలో, గిటారు వాద్యకారుడు ఎడ్జ్ ఈ పనికి పూనుకొనెను. డ్రమ్ముల ఉరుము వెనుకకు తగ్గినది. పియానోయు, మెత్తని గిటారును ముందునకు వచ్చినవి. కొన్నింటికి శ్రుతిని, కొన్నింటికి మాటలను మార్చిరి.

అభిమానులు ఏకాభిప్రాయమునకు రాలేదు. మైదానములో వేలమందితో కలిసి చేతులెత్తి పాడిన పాట, ఇప్పుడు గదిలో ఒంటరిగా గొణిగినట్లున్నదని కొందరు నొచ్చుకొనిరి. మరికొందరు, యౌవనపు కేకలలో మరుగుపడిన మాటల అర్థము ఈ తగ్గుస్వరములోనే తెలిసినదనిరి. ఇరువురును ప్రేమతోనే పలికిరి. మొదటివారు తమ పదునెనిమిదేండ్ల ప్రాయమును కాపాడుకొనగోరిరి. రెండవవారు తమతోపాటు గాయకుడును పెద్దవాడగుట చూచి ఊరట చెందిరి.

భారతీయ శ్రోతకు ఈ తగవు మొదట వింతగా తోచవచ్చును. మన కచేరీలో ఒకే కీర్తనను ఒకే విద్వాంసుడు రెండు దినములు ఒకే తీరున పాడడు. పాడినచో అది లోపమే అగును. కాని 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు గ్రామఫోను పలకకెక్కినది మొదలు, మనకును ఒక క్రొత్త అలవాటు పట్టుకొన్నది. సినిమా పాటను వేదికపై పాడు గాయకుడు ఒక్క గమకము మార్చినను సభ కనుబొమలు ముడివడును. రికార్డు పాటను కాపాడినది, కాపాడుచునే కట్టివేసినది.

ఆ బృందమును ఈ దేశమువారు ప్రత్యక్షముగా వినుటకు 2019 డిసెంబరు 15 వరకు వేచియుండవలసి వచ్చెను. నాడు ముంబయి పరిసరముననే వారి తొలి భారతీయ కచేరీ జరిగెను. దశాబ్దముల పాటు క్యాసెట్లలో మాత్రమే విన్నవారికి ఆ హోరు ఒక్క రాత్రి దక్కినది. నాలుగేండ్లు నిండకముందే అవే పాటలు మెత్తబడి వచ్చినప్పుడు, ‘మాకు ఇంకను తనివి తీరలేదు’ అని వారనుకొన్నచో తప్పేమున్నది?

గొంతు మారుట ఒక ఎత్తు, మాట మారుట మరియొక ఎత్తు. 2000లో వచ్చిన ‘వాక్ ఆన్’ అను పాట బర్మాలో గృహనిర్బంధముననున్న ఆంగ్ సాన్ సూకీకి అంకితమైనది. అందుచేతనే ఆ ఆల్బమును అక్కడి సైనిక ప్రభుత్వము నిషేధించెను. 2009 నాటి కచేరీలలో అభిమానులు ఆమె ముఖచిత్రమును తొడుగుకొని ఆ పాటకు గొంతు కలిపిరి. 2010లో ఆమె విడుదలయ్యెను. తరువాత అధికారమును చేపట్టెను. 2017లో లక్షలాది రోహింగ్యాలు ప్రాణములరచేత పెట్టుకొని బంగ్లాదేశమునకు పరుగెత్తినప్పుడు, ఆమె పదవిని వీడవలెనని బోనోయే పలికెను. 2021లో సైన్యము ఆమెను మరల చెరపట్టెను. 2023లో తిరిగి పాడిన ‘వాక్ ఆన్’ ఉక్రెయిన్ ప్రజల పోరాటమునకు తగినట్లుగా మాటలు మార్చుకొని వచ్చినది. అప్పటికి ఆమె చెరసాలలోనే యున్నది.

పాట ఒక వ్యక్తి పేరునుండి విడివడి, ఇల్లు విడిచి నడుచు ప్రతివానిదియు అయినదని సంతోషింపవచ్చును. నాడు ముఖచిత్రము తొడిగి పాడినవాడు మాత్రము, తన నాటి విశ్వాసమును ఎవరో తనను అడుగకయే సరిదిద్దినట్లు బాధపడవచ్చును. రోహింగ్యాల దుఃఖము నెరిగిన తరువాత ఆ విశ్వాసమును యథాతథముగా నిలుపుకొనుటయు వానికి సులభము కాదు. అతనికి పాత పాట పూర్తిగా దక్కదు; క్రొత్తది పూర్తిగా రుచింపదు.

అయినను ఒకటి గమనింపదగినది. క్రొత్త పాట పాతదానిని తుడిచివేయలేదు. పాత రికార్డు అంగడిలోనున్నది, ఇంటిలోనున్నది, అన్నింటికంటె పదిలముగా చెవిలోనున్నది. తన పాటను తిరిగి పాడుకొను హక్కు గాయకునికి కలదు. పాతదే తనకు చాలునను హక్కు శ్రోతకును కలదు. రెండును ప్రక్కప్రక్కన పెట్టి వినువాడు, ఇరువదేండ్ల కుర్రవాడును అరువదేండ్ల పెద్దయు ఒకే మాటను ఎంత భిన్నముగా నమ్మిరో తెలిసికొనగలడు.