నెట్ స్పీడుకు 8 లెక్క

మన ఊళ్లలో ఇదో కొత్త తగాదా అయింది. "వంద స్పీడు అని డబ్బులు కట్టించుకున్నడు, సినిమా దించుతుంటే పన్నెండే చూపిస్తంది" అని కనెక్షన్ ఇచ్చినాయన మీదికి పోతున్నరు. పోయే ముందు ఇది చదవండి.

ఆయన చెప్పిన వంద, సెకనుకు మెగాబిట్లు. ఫోన్ చూపించే పన్నెండు, మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కుంచానికి 8 తవ్వలు ఎట్లనో ఇదీ అట్లనే. వంద తవ్వల వడ్లు పన్నెండున్నర కుంచాలే అయితయి, గింజ ఎక్కడికీ పోలేదు. ఇంగ్లీషులో చిన్న బి రాస్తే బిట్టు, పెద్ద బి రాస్తే బైటు. ఇంత సన్న తేడా పెట్టినోళ్లను అనాలె గానీ! లైనులో పోయేదాన్ని బిట్లలో చెప్తరు, ఫోన్‌లో దాచుకునేదాన్ని బైట్లలో చెప్తరు. తెలుగులో 'అ' అని ఒక్క అక్షరం కొట్టినా 3 బైట్లు, అంటే 24 బిట్లు.

మన అడవి అంచు పల్లెల్లో వైరు కనెక్షన్ ఉన్నోళ్లు తక్కువ, రీచార్జి మీదనే బతుకుతున్నం. రోజుకు 1.5 జీబీ అంటే అది బైట్ల లెక్క. 20 ఎంబీపీఎస్ స్పీడు వచ్చి ఆపకుండా దించితే పది నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతది. అది బిట్ల లెక్క. 8తో భాగిస్తే సెకనుకు 8 కేబీ. మిర్చికి నల్ల తామర పురుగు పడ్డదని 2 ఎంబీ ఫొటోను నాణ్యత తగ్గకుండా వైరా కేవీకే సార్లకు పంపాలంటే నాలుగు నిమిషాలు దాటుతది. 2 ఎంబీపీఎస్ ఉంటే అదే ఫొటో 8 సెకన్లు. పిల్లలు పొద్దున్నే రీల్స్ చూసి అవగొడితే, సాయంత్రం చేను కాడ మనకు మిగిలేది ఆ 64 మాత్రమే.

2023 జనవరి నుంచి కేంద్రం లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ అంటే దించుకునే స్పీడు కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలె. అంతకుముందు 512 కేబీపీఎస్ చాలన్నరు. భారత్‌నెట్ కింద పంచాయతీకి అనుకున్న 100 ఎంబీపీఎస్ కూడా సెకనుకు పన్నెండున్నర ఎంబీనే, అదీ అందరూ పంచుకోవాలె.

గుట్టల అవతల టవరు అందని పల్లెలకు ఈ భాగహారం పనికిరాదు, వాళ్లకు ముందు సిగ్నల్ రావాలె. వైరు ఉన్నోళ్లు మాత్రం వంద ప్లానుకు పదకొండు, పన్నెండు వస్తే ఊరుకోండి. మూడు, నాలుగే వస్తుంటే స్క్రీన్‌షాట్ తీసుకొని పోయి అడగండి. కాకపోతే రౌటరు పక్కన నిలబడి చూడండి, పశువుల కొట్టం కాడ నుంచి కాదు.