ఎమ్‌తో మొదలయ్యే వరుసలు

పాత యూజ్‌నెట్ చర్చావేదికల ఫైల్ ఏది తెరిచినా నా కళ్లు ముందు ‘ఎమ్’ అక్షరం కోసమే వెతుకుతాయి. వరుస వెంట వరుస ఎమ్‌తోనే మొదలైతే అది యూయూఎన్‌కోడే. నిండు వరుసలో 45 బైట్లుంటాయి. వరుస మొదటి అక్షరం ఆ లెక్కనే చెబుతుంది: 45కి 32 కలిపితే 77, ఆస్కీలో అది ఎమ్. 1980లో బర్క్‌లీలో మేరీ ఆన్ హోర్టన్ రాసిన ఈ ప్రోగ్రాం, మామూలు అక్షరాలు తప్ప మరేమీ మోయలేని మెయిల్ దారుల్లో బైనరీ ఫైళ్లను దాటించింది. మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మార్చడం, అంతే. ఆ పొదుపు నాకెంతో ఇష్టం. సున్నాకు మొదట ఖాళీ జాగానే గుర్తు. వరుస చివరి ఖాళీలను కొన్ని మెయిల్ వ్యవస్థలు మింగేసేవి, అందుకే తర్వాత దాని బదులు బ్యాక్‌టిక్ వచ్చింది.

చిక్కల్లా విప్పే సాధనంతోనే. పాత మాకింటోష్‌లో ఈ ఫైళ్లను విప్పడానికి స్టఫిట్ ఎక్స్‌పాండర్ అనే ప్రోగ్రాం కావాలి; అదేమో చాలాచోట్ల బిన్‌హెక్స్ అనే ఇలాంటి మరో ఎన్‌కోడింగ్‌లోనే ఉంటుంది, దాన్నీ ముందు విప్పాలి. తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయినట్టు! డాస్ యంత్రమైతే కొంత నయం, బేసిక్‌లో చిన్న డీకోడర్ చేత్తో టైపు చేసుకోవచ్చు. ప్రతి అక్షరం విలువలోంచి 32 తీసేసి, ఆరేసి బిట్లు అతికిస్తే చాలు.

ఈ ఫైళ్లను విప్పే యూయూ మాడ్యూల్‌ను పైథాన్ భాష 3.13 వెర్షన్‌లో తీసేశారు. నాకు బాధేసింది. పాత ఫ్లాపీలు కాపాడుతున్నవాళ్లంతా ఆ చిన్న డీకోడర్ కోడ్‌ను ఫైళ్ల పక్కనే మామూలు టెక్స్ట్‌గా, వీలైతే కాగితం మీద కూడా, దాచిపెట్టాలని నా కోరిక.