మెంఫిస్ పెరట్లో పక్కటెముకలు

మెంఫిస్‌లో రిబ్స్, అంటే పంది పక్కటెముకలు, కావాలన్నవాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: డ్రైయా, వెట్టా? వెట్ అంటే టమాటా, వెనిగర్, మొలాసిస్ కలిసిన తియ్యటి పుల్లటి సాస్ పూసి ఇస్తారు. డ్రై అంటే పొడి మసాలా, అంతే. మిసిసిపీ ఒడ్డునున్న ఈ టెనెసీ ఊరు బార్బెక్యూ లోకంలో ఛాతీ విరుచుకునేది రెండోదాని వల్లే. ఇళ్లల్లో దాన్నెలా చేసుకుంటారో చూద్దామని మా మేనత్త కొడుకు దగ్గరికి వెళ్లాను. ఫెడెక్స్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వచ్చి ఈ చుట్టుపక్కలే ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో బావ ఒకడు.

"ముందు రాండెవూలో తిను, తర్వాత నా వంట చూద్దువుగాని," అంటూ డౌన్‌టౌన్‌కి తీసుకెళ్లాడు. రోజూ బాతులు ఎర్ర తివాచీ మీద నడిచెళ్లి ఫౌంటెన్‌లో దిగే పీబాడీ హోటల్ ఉంది చూశారూ, దానికెదురుగా ఒక సందు. అందులోంచి మెట్లు దిగితే నేలమాళిగలో ఉంటుంది రాండెవూ. గ్రీకు కుటుంబానికి చెందిన చార్లీ వెర్గోస్ 1948లో పెట్టాడు. పూర్వం బొగ్గు దించుకున్న గొట్టం ఒకటి నేలమాళిగలో బయటపడితే, పొగ పోయే దారి దొరికిందని అక్కడే పొయ్యి పెట్టించాడని చెబుతారు. రిబ్స్ మాత్రం ఆ తర్వాతెప్పుడో వచ్చాయి.

డ్రై రిబ్స్‌కి పుట్టిల్లని పేరుపడ్డ రాండెవూలో మాంసానికి మసాలా ముందుగా రుద్దనే రుద్దరు. కట్టెల పొగ కూడా పెట్టరు. బొగ్గు నిప్పుల మీద నేరుగా గంటో గంటుంబావో కాల్చి, వెనిగర్ నీళ్లు పట్టించి, ఆఖర్న మసాలా చల్లుతారు. ఆలోచిస్తే సబబే. అంత నిప్పు మీద ముందే పొడి పట్టిస్తే మాడి చేదెక్కుతుంది. పళ్లెంలోకి వచ్చినవి కొరికితే ముందు ఒరెగానో తగిలింది. మనకైతే వాము గుర్తొస్తుంది. లోపలి మాంసం కొంచెం గట్టిగా, నమిలే పని పెట్టేలా ఉంది. నాకు నచ్చింది.

బావ పద్ధతికీ దీనికీ పొంతన లేదు. అతని పెరట్లో ఉన్నది వెబర్ కెటిల్, అంటే మూతున్న గుండ్రటి కుంపటి. షికాగో దగ్గర నీళ్ల మీద తేలే లోహపు బోయాలు తయారుచేసే కర్మాగారంలో పనిచేసిన జార్జ్ స్టీఫెన్, ఆ బోయానే సగానికి కోసి 1952లో దీన్ని తయారుచేశాడు. బావ తెచ్చింది సెయింట్ లూయిస్ కట్. స్పేర్ రిబ్స్ అంచున ఉండే మెత్తటెముకల ముక్క కోసేసి నలుచదరంగా చక్కబెట్టిన పలకలివి. బేబీ బ్యాక్ రకం ఇంకా తొందరగా ఉడుకుతుంది కానీ కొవ్వు తక్కువ, ఆదమరిస్తే ఎండిపోతుంది.

అసలు పని రాత్రే మొదలైంది. పలకని బోర్లా తిప్పితే ఎముకల మీద పల్చటి తెల్లటి పొర బిగుసుకుని ఉంది. బావ చెంచా కాడని ఒక ఎముకకీ పొరకీ మధ్య దూర్చి పైకెత్తాడు. పొర లేచింది గానీ వేళ్లకి జారిపోతోంది. పేపర్ టవల్‌తో పట్టుకుని లాగితే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్క ఊపులో ఊడొచ్చింది. "ఇది తియ్యకపోతే తోలు నమిలినట్టే. పైగా ఆ వైపు మసాలా కూడా అంటదు," అన్నాడు. పౌను మాంసానికి అర టీస్పూను లెక్కన ముతక ఉప్పు చల్లి ఫ్రిజ్‌లో పెట్టేశాడు. ఉప్పు ఒక్కటే లోపలికి దిగుతుందట, మిగతావన్నీ పైనే ఉండిపోతాయట. అల్లంవెల్లుల్లి, పెరుగు పట్టించి రాత్రంతా నానబెడితే రుచి ఎముకదాకా దిగుతుందని నమ్మే ఇంట్లో పుట్టినవాణ్ని, ఇది కొంచెం మింగుడుపడలేదు.

పొద్దున్నే పొడి కలిపాడు. పాప్రికా, బ్రౌన్ షుగర్ సమపాళ్లలో, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, మిరియాలు, కాస్త ఆవపిండి, కాస్త జీలకర్ర. గుంటూరు కారం వెయ్యొచ్చు కదా అన్నాను. "రంగు రావాలంటే గుప్పెడు పడాలిరా. గుంటూరుది గుప్పెడు వేస్తే తినేదెవడు?" అన్నాడు. అయినా చిటికెడు వేశాడు, నా మొహం చూసి కాబోలు.

కుంపట్లో నిప్పులన్నీ ఒక పక్కకి నెట్టి, రెండో పక్క నీళ్ల పళ్లెం పెట్టి, దాని పైనున్న జాలీ మీద పొడి పట్టించిన మాంసం పరిచాడు. నిప్పుల మీద రెండు హికరీ చెక్క ముక్కలు వేసి మూత పెట్టాడు. ఇంక చెయ్యాల్సిందల్లా గాలి కన్నాలు తిప్పుతూ సెగని 225, 250 ఫారెన్‌హీట్ మధ్య నిలపడమే. సెల్సియస్‌లో 107 నుంచి 121. అయిదారు గంటల పని. ఆ సెగలో చక్కెర మాడదు. మసాలా, కరిగిన కొవ్వు, పొగ కలిసి నల్లెరుపు పెచ్చు కడతాయి. మూత తీసినప్పుడల్లా వేడి పోతుందని బావ నన్ను దగ్గరికి రానివ్వలేదు. మసాలా గురించి మనం ఇంత మాట్లాడుకుంటాం గానీ, ఈ వంటలో అది పై మెరుగే. అసలు వంటవాడి పనంతా ఆ కన్నాల దగ్గరే ఉంది.

అత్తయ్య పంది ముట్టదు. ఆ మాట వంటింట్లో అననివ్వదు కూడా. ఆవిడకని వేరే చిన్న కుంపటి, వేరే పట్టకారు, దాని మీద అదే పొడి పట్టించిన కోడి తొడలు. రెండు కుంపట్ల పొగా గాలికి కలిసిపోతుంటే మాత్రం ఆవిడ పట్టించుకోలేదు.

అమెరికా వ్యవసాయ శాఖ లెక్కన పంది మాంసం 145 ఫారెన్‌హీట్‌కి చేరి, మూడు నిమిషాలు ఆగితే తినొచ్చు. 2011 నుంచి ఆ మాటే చెబుతోంది. కానీ పక్కటెముకల మాంసం అప్పటికి ఇంకా పీచే. అందులోని కొలాజెన్ తగినంత కరిగి జెలటిన్ అవ్వాలంటే 190 దాకా వెళ్లాలి. బావ థర్మామీటర్‌ని నమ్మడు. పలకని ఒక చివర పట్టకారుతో ఎత్తాడు. అది విల్లులా వంగి, పైన పెచ్చు సన్నగా చిట్లింది. "అయింది," అన్నాడు.

ఎముక తనంతట ఊడొస్తే బాగా ఉడికినట్టని నేననుకున్నాను. ఇక్కడివాళ్లు ఒప్పుకోరు. 1978 నుంచి ఈ ఊళ్లో మే నెలలో జరిగే బార్బెక్యూ పోటీల్లోనైనా, బయటి చాలా పోటీల్లోనైనా, ముక్క కొరికితే ఎముకకి మిగిలిన మాంసంలో పంటిగాటు కనబడాలి. చేత్తో పట్టుకోగానే జారిపోతే అది ఎక్కువ ఉడికిన లెక్క. బావవి రెండిటికీ మధ్యలో ఉన్నాయి. పెచ్చు కరకరలాడలేదు గానీ తీపి, కారం, పొగ ఒకదాని వెనక ఒకటి తెలిశాయి. బావ పిల్లలు మాత్రం సీసాలోంచి సాస్ పిండుకుని తిన్నారు. మెంఫిస్‌లో పుట్టిన పిల్లలు వాళ్లు!

అత్తయ్య కోడి తొడ సగం తిని పళ్లెం పక్కన పెట్టింది. "పొగ బాగానే పట్టింది. ఈసారి నా వాటాలో ఆ పంచదార మానేసి కారం వెయ్యరా," అంది.