జామచెట్టు మలుపులో ఆగిన బండి

జూలై మొదటి వారం. రాయపూర్‌లో రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. మేం వెళ్లేసరికి ఆ ఇంటి పెరట్లో, జామచెట్టు కింది మలుపులో ఒక నీలం ఇంజను, దాని వెనక మూడు పెట్టెలు ఆగిపోయి ఉన్నాయి. ఇంజను పొడవు మూరెడు పైచిలుకు. దాని పక్కనే తడి నేల మీద గోనెపట్టా పరుచుకుని, మల్టీమీటరు చేతబట్టి కూర్చున్నారు ఇంటి పెద్దాయన. రైల్వే సిగ్నల్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పేరు రాయవద్దన్నారు.

"నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగింది బాబూ. పొద్దున్న ఇక్కడికొచ్చి నిలబడిపోయింది. వేలితో తోస్తే రెండు గజాలవతల మళ్లీ తనే పోతోంది" అన్నారు.

ఆయన పూర్వీకులది విజయనగరం వైపు. 1931లో బెంగాల్ నాగపూర్ రైల్వే పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తి చేశాక, ఉత్తరాంధ్ర నుంచి ఈ ఊరికి దారి సుళువైంది. ఆ దారినే వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రైల్వే కుటుంబాల్లో వీరిదొకటి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఛత్తీస్‌గఢీ.

పెరట్లో బండి నడపాలన్న కోరిక చిన్ననాటిది. రాయపూర్ నుంచి ధమ్తరీకి, మధ్యలో అభన్‌పూర్ దగ్గర చీలి రాజిమ్‌కి, 762 మిల్లీమీటర్ల నారోగేజి బండి నడిచేది. మహానది, పైరీ, సోంఢూర్ నదులు కలిసే రాజిమ్‌లో మాఘమాసపు జాతరకు ఆయన ఆ బండిలోనే వెళ్లేవారు. ఊళ్లో ఆ పట్టాలు లేచిపోయాయి. అవి ఉన్న దారిలో ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. 2025 మార్చిలో అభన్‌పూర్‌కి బ్రాడ్‌గేజి మీద మెమూ బండి మొదలైంది, అదీ మందిర్ హసౌద్ మీదుగా. పాత చిన్న బండి మాత్రం ఈ పెరట్లో మిగిలింది. తోట రైళ్లకు ప్రపంచమంతటా వాడే 45 మిల్లీమీటర్ల పట్టా మీద, 762ని 45తో భాగించి, అసలు బండిలో 17వ వంతుగా జెడ్‌డీఎం తరహా నారోగేజి డీజిల్ ఇంజనును ఆయనే కట్టుకున్నారు.

పట్టా ఇత్తడిది. చుట్టుకొలత 42 మీటర్లు. ఒక్కో ముక్క మీటరున్నర, అంటే ఒక వైపు 28 అతుకులు, రెండు వైపులా కలిపి 56. వరండాలోని పవర్‌ప్యాకు నుంచి 18 వోల్టుల డీసీ రెండు పట్టాల్లోకి వెళ్తుంది. చక్రాల గుండా ఆ కరెంటు మోటారుకు అందుతుంది.

ఆగినచోట పట్టాల మీద మీటరు పెట్టారు. 17.9 వోల్టులు చూపించింది. బండేమో కదలదు.

"ఇక్కడే అందరూ బోల్తా పడేది" అన్నారాయన. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అతుకు వెంట్రుకవాసి అంటుకుని ఉన్నా చాలు, వోల్టేజి మొత్తం కనిపిస్తుంది. మోటారు పావు ఆంపియరో, అర ఆంపియరో అడిగినప్పుడే ఆ అతుకు బండారం బయటపడుతుంది. అందుకే ఆయన సంచిలో లారీ ఇండికేటరుకు వేసే 24 వోల్టుల, 21 వాట్ల బల్బు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాని రెండు తీగలకూ క్రొకడైల్ క్లిప్పులు. అవి రెండు పట్టాలకూ తగిలించగానే బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. మీటరులో 17.9 కాస్తా 9.1కి పడిపోయింది.

ఇక వెతుకులాట. బల్బు అక్కడే వెలుగుతూ ఉండాలి. మీటరు రెండు ముళ్లనూ ఒకే పట్టా మీద, అతుకుకు అటొకటి ఇటొకటి పెట్టాలి. మంచి అతుకైతే వోల్టులో రెండు మూడు వందో వంతులు చూపిస్తుంది. చెడ్డదైతే అక్కడ పోతున్న వోల్టేజి నేరుగా అంకెల్లో వస్తుంది. పదేళ్ల మనవడు నోటుబుక్కు పట్టుకుని ఒక్కో అంకే రాసుకుంటున్నాడు. లోపలి పట్టా మీద 11వ అతుకు దగ్గరికి వచ్చేసరికి, "తాతా, ఎనిమిది పాయింట్ రెండు!" అని అరిచాడు. ఆయన అక్కడితో ఆగలేదు. 17వ అతుకు దగ్గర ఇంకో 8 వోల్టులు దొరికాయి.

రెండు ఎందుకు చెడ్డాయి? పట్టా గుండ్రంగా తిరిగి కలుస్తుంది కాబట్టి కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఒక అతుకు చెడితే రెండో వైపు నుంచి అందుతూనే ఉంటుంది, బండి తిరుగుతూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. రెండోది కూడా చెడిన రోజున ఆ రెండింటి మధ్య ముక్క ఒంటరిదైపోతుంది. 11వ అతుకు ఎండాకాలంలోనే చెడి ఉండాలని, 17వది రాత్రి వానతో తేలిందని ఆయన లెక్క.

ఎండాకాలం సంగతి ఇలా చెప్పారు. చలికాలపు తెల్లవారుజాముకూ, మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలిన పట్టాకూ మధ్య 50 డిగ్రీల తేడా ఉంటుంది. ఆ తేడాకు 42 మీటర్ల ఇత్తడి దాదాపు 4 సెంటీమీటర్లు సాగుతుంది. 28 అతుకులకు పంచితే ఒక్కోచోట మిల్లీమీటరున్నర. ముక్కలను కలిపే ఫిష్‌ప్లేటులో పట్టా జరిగి జరిగి పట్టు సడలుతుంది, సందులోకి దుమ్ము చేరుతుంది. తర్వాత వాన పడి ఆ సందులో పచ్చటి చిలుము పడుతుంది. చిలుము కరెంటును సరిగా పోనివ్వదు.

మందు ఆయన ఉద్యోగంలో చేసిందే. రైల్వేలో ఏ ముక్క మీద బండి ఉందో చెప్పే ట్రాక్ సర్క్యూట్ కూడా పట్టాల్లోంచే కరెంటు పంపుతుంది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు తీసుకున్న పద్ధతి అది. అక్కడ ఫిష్‌ప్లేటును నమ్మరు. ప్రతి అతుకు మీదుగా జింకు పూత పూసిన ఇనుప తీగలు వేసి అటూ ఇటూ ఉన్న పట్టా ముక్కలను కలుపుతారు. వాటినే బాండు వైర్లంటారు. ఇక్కడ ఆయన రెండు చెడ్డ అతుకులనూ విప్పి, చిలుము గీకి, పోగుల రాగి తీగను అటూ ఇటూ సోల్డరింగ్ చేశారు. తీగను బిగించకుండా యూ ఆకారంలో కాస్త వదులు ఉంచారు. బిగిస్తే వచ్చే మే నెలకు పట్టా జరిగినప్పుడు తెగిపోతుంది. బాండు వేశాక అదే చోట, అదే బల్బుతో 17.1 వోల్టులు.

అతుకులన్నీ ఇలా చేయడానికి వారం పడుతుంది. ఈలోగా పట్టా కింద 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ జత ఒకటి నడిపి, పెరటి అవతలి కొసలో పట్టాలకు కలిపారు. ఆ తీగ మీటరుకు 7 మిల్లీ ఓములు. పోనూ రానూ 50 మీటర్లైనా, ఒక ఆంపియరుకు పోయేది మూడో వంతు వోల్టు. కలిపేటప్పుడు లోపలి పట్టా తీగ లోపలి పట్టాకే పడాలి. తారుమారైతే నేరుగా షార్టే.

బండి కదిలింది. కానీ ఆయన కళ్లు పవర్‌ప్యాకు మీటరు మీదే ఉన్నాయి. ఇంజనును ఎత్తి పక్కన పెట్టినా అందులో 0.3 ఆంపియర్లు చూపిస్తోంది. వానకు కొట్టుకొచ్చిన మట్టి స్లీపర్లను కప్పి, పట్టాల అంచుల దాకా చేరింది. ఆ తడి మట్టిలోంచి కరెంటు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు కారుతోంది. పెద్ద రైల్వేలోనూ ఇదే బాధ. ట్రాక్ సర్క్యూట్లున్న స్టేషన్లలో కంకర నిరోధం కిలోమీటరుకు 2 ఓములకు తగ్గకూడదన్న నియమం అందుకే. బురద కంకరను ఎత్తి శుభ్రం చేయడానికి ఇదీ ఒక కారణమే. తాతా మనవలు మట్టి ఎత్తేసి, కడిగిన సన్న కంకర పోశారు. సాయంత్రానికి ముల్లు సున్నాకు దగ్గరపడింది.

బయటి దేశాల్లో చాలామంది ఈ బాధలు పడలేక బ్యాటరీని పెట్టెలోనే పెట్టి రేడియోతో నడుపుతున్నారు. అది మంచి దారేనని ఆయనే ఒప్పుకున్నారు. పట్టా తుడవనక్కర్లేదు, అతుకుల గొడవ లేదు. "కానీ ఉద్యోగమంతా పట్టాలో కరెంటును వెంటాడినవాణ్ణి. అది లేని పట్టా నాకు ఇనప్పట్టీతో సమానం" అన్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన కచ్చితం. 230 వోల్టులు వరండా దాటి రాకూడదు. ఆ పవర్‌ప్యాకు ప్లగ్గుకు కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది. దాని టెస్ట్ బటను నొక్కి, అది పడిందని చూశాకే రోజూ బండి బయటికి తీస్తారు. పెరట్లో పిల్లలతో బండి నడపాలనుకునేవారు పట్టాలు కొనేముందు ఇది పెట్టించుకోవాలి.

మేం బయల్దేరేటప్పుడు మళ్లీ మబ్బు పట్టింది. మనవడు నోటుబుక్కులో 11, 17 అతుకుల పాత అంకెల పక్కన కొత్తవి రాశాడు. రెండింటికీ 0.02. మిగిలిన 54 అతుకులకూ బాండు వేయడం మర్నాడు పొద్దున్న మొదలవుతుంది.